ఏ సాగరరాగం కావాలండీ?

నేను పని మానేసిన రోజున షాపులో నాకొక శాలువా కప్పారు. మా బావగారి అబ్బాయి మైకు పట్టుకుని, "మా పిన్ని ఇన్నేళ్ళూ మన సౌండ్ సర్వీసులో ఫోన్లు ఎత్తింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా జారకుండా పట్టుకుని నేనూ కొట్టాను. కానీ ఆ మాట గుచ్చుకుంది. ఫోను ఎవరైనా ఎత్తుతారు. ఎత్తాక నేను చేసిన పని ఒకటుంది. అదేమిటో ఈవెంట్ల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి ఎవరూ చెప్పడం లేదు. అందుకే రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకుని చదవండి. విషయంలో మాత్రం దిద్దడానికేమీ లేదు.

వంటింట్లో ఆఫీసు

మాది బందరు. అత్తవారిది మైకుసెట్టు షాపు. ముందు షాపు, వెనక ఇల్లు. షాపు మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. వ్యానులో సెట్టు వేసుకుని ఊరూరా వెళ్ళి కట్టి, ప్రోగ్రాం అయ్యేదాకా మిక్సర్ దగ్గర కూర్చునే పని మా ఆయనది. మైకుసెట్టుకి వచ్చినవాళ్ళు, "ఆర్కెస్ట్రా కూడా మీరే చూసిపెట్టండి" అనేవారు. అలా పాటల పార్టీలని కుదర్చడం కూడా మా షాపు పనైంది.

వ్యాను మీద రాయించిన సెల్లు నంబరు మోగేది మా వంటింట్లో. ఎందుకంటే ఆ ఇంటి మొత్తంలో సిగ్నలు సరిగ్గా అందేది వంటింటి కిటికీ దగ్గరే. పోపుల డబ్బా పక్కన ఫోను, ఫోను పక్కన నేను. ఒక చేత్తో గరిటె తిప్పుతూ గుడివాడ పెళ్ళికి పార్టీని కుదిర్చేదాన్ని. ఆడమనిషి బేరాలు మాట్లాడడమేంటని వాకిట్లో అన్నవాళ్ళున్నారు. అన్నవాళ్ళే వాళ్ళ ఇంట్లో శుభకార్యమైనప్పుడు కిటికీ దగ్గరికొచ్చి, "రాజ్యం గారూ, మంచి పార్టీని చూడండి" అని అడిగారు. చూశాను కూడా. నాకు కక్ష లేదు, గుర్తు మాత్రం ఉంది.

గిన్నెల్లాగే పేర్లు కూడా

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది, ఆర్కెస్ట్రాల పేర్లు ఎందుకలా ఒకేలా ఉంటాయో. అన్నదమ్ములు వేరుపడితే గిన్నెలు పంచుకుంటారు. ఆర్కెస్ట్రా వేరుపడితే పేరు పంచుకుంటారు. పాడే మనిషికీ కీబోర్డు మనిషికీ పడక విడిపోతే, ఒకరు పాత పేరు ఉంచుకుంటారు, ఇంకొకరు ముందు 'న్యూ' తగిలిస్తారు. అందులోంచి ఇంకొకరు విడిపోతే 'శ్రీ' వచ్చి చేరుతుంది. మళ్ళీ గొడవైతే 'ఒరిజినల్'. మా బందరులోనూ, గుడివాడలోనూ, దివిసీమలోనూ ఒకే పేరుకి పుట్టిన పిల్లలు ఎంతమందో. ఫ్లెక్సీ మీద 'న్యూ' అన్న మాట ఏటేటా చిన్నదవుతూ, చివరికి పువ్వు బొమ్మ వెనక్కి వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను.

అందుకని ఫోను చేసినవాళ్ళని పేరు అడిగితే లాభం లేదు. పేరు వాళ్ళే చెప్తారు, అది సగం పేరే అయి ఉంటుంది. నేను అడిగేది ఒక్కటే. "మీరు ఆ పార్టీని ఎక్కడ విన్నారు, మీకేం గుర్తుందండీ?"

గుడివాడ నుంచి ఒకాయన సాగరరాగం ఆర్కెస్ట్రా కావాలన్నాడు. ఏం గుర్తుందంటే, "మా అమ్మ మోకాళ్ళ నొప్పులని మంచం దిగదండీ. ఆ పాటకి లేచి డాన్స్ చేసిందండీ" అన్నాడు. అది మురళి అనే ఆయన నడిపే సాగరరాగం. ఉయ్యూరు నుంచి ఒకావిడ అదే పేరు చెప్పి, "మా నాన్నగారు కళ్ళు మూసుకుని విన్నారమ్మా. నిద్రపోయారేమోనని చూస్తే చెంపలు తడిగా ఉన్నాయి" అంది. అది భూలక్ష్మి నడిపే సాగరరాగం. ఇద్దరికీ వాళ్ళడిగిందే పంపాను. నేనేదో ఒక పార్టీ మనిషినని ఎవరైనా అంటే ఈ రెండు ఫోన్లూ గుర్తు చేసుకోండి.

ఇద్దరి సాగరరాగం

భూలక్ష్మిది మంగినపూడి దగ్గర పల్లె. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ సముద్రం మీద బతికేవాళ్ళే. ఒడ్డున నిలబడి పిలిస్తే పడవలో ఉన్నవాళ్ళకి వినపడే గొంతు. మురళిది బందరే, కీబోర్డు వాయిస్తాడు. ఇద్దరూ కలిసి సాగరరాగం పెట్టారు. పేరు భూలక్ష్మి పెట్టింది. హార్మనీ పెట్టె, ఢోలక్, కీబోర్డు, నలుగురైదుగురు మనుషులు. చాలా ఏళ్ళు బాగానే నడిచింది.

తర్వాత మురళి మారాడు. మారడం తప్పని నేను అనను. జనం లైట్లు అడుగుతున్నారన్నాడు, డాన్సర్లు అడుగుతున్నారన్నాడు. అది నిజమే. కానీ పాటని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, స్పీకర్లో వదిలి, అమ్మాయిల్ని మైకు ముందు పెదాలు ఆడించమన్నాడు. భూలక్ష్మి ఒప్పుకోలేదు. "నా నోరు నాకుండగా ఆ పెట్టెకి నేను సైగలు చెయ్యాలా?" అని వచ్చేసింది. మురళి 'న్యూ సాగరరాగం' అని ఫ్లెక్సీ కొట్టించాడు. ఆ 'న్యూ' ఏమైపోయిందో పైన చెప్పాను.

మురళికి లైట్లూ పెద్ద స్పీకర్లూ కావాలి. అవన్నీ మా షాపులోవే. భూలక్ష్మికి రెండు మైకులుంటే చాలు. బావగారి మనసు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? ఒకరోజు మురళి షాపుకొచ్చి కూర్చున్నాడు. పేరు తన పేరు మీద రిజిస్టరు చేయించానని, ఇక సాగరరాగం అని ఎవరు అడిగినా తనకే పంపాలని అన్నాడు. బావగారు వంటింటి గుమ్మం దగ్గరకొచ్చారు.

"రాజ్యం, విన్నావుగా. ఎవరడిగినా సాగరరాగం అంటే మురళే. ఆ చేపలావిడ పార్టీ ఇప్పుడు లేదని చెప్పు."

"ఉన్న మనిషిని లేదని ఎలా చెప్పను బావగారూ?"

"పేరు వాడిదని చెప్తున్నాను కదా!"

"పేరు ఆయనదైతే అవనివ్వండి. అడిగేవాళ్ళ చెవులు కూడా ఆయన రిజిస్టరు చేయించుకున్నాడా?"

లోపల అన్నం కలుపుకుంటున్న మా ఆయనకి పొలమారింది. బావగారు లోపలికొచ్చి, పోపుల డబ్బా పక్కనున్న ఫోను తీసి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. సిగ్నలు కోసం ఆయన రోజంతా షాపు మెట్ల మీద నిలబడాల్సి వచ్చింది. అయినా ఇవ్వలేదు.

యజమానుల గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. మా బావగారు చెడ్డమనిషి కాదు. ఒక ఇంటిని నిలబెట్టినవారు. కానీ చెవులు సరిగ్గా లేని మనిషి పాటల వ్యాపారం చేస్తే, స్పీకర్లు లెక్కపెడతాడు తప్ప పాట వినడు. అలాంటి యజమాని మీకూ దొరుకుతాడు. ఆయన మాటకి తలూపండి గానీ, మీ చెవులు మాత్రం ఆయనకి అప్పజెప్పకండి.

ఆ సీజనంతా ఫోను ఆయన జేబులోనే ఉంది. భూలక్ష్మికి ఒక్క పిలుపూ వెళ్ళలేదు.

వ్యాను కడుతున్న పొద్దున

ఒక పొద్దున భూలక్ష్మి వంటింటి వెనక గుమ్మంలోంచి వచ్చి పీట మీద కూర్చుంది. కాఫీ ఇస్తే తాగలేదు.

"ఇంక ఆపేస్తాను వదినా. ఢోలక్ ఆయన పిల్లలున్నవాడు, ఇన్నాళ్ళు ఆగాడు. రేపటి నుంచి మురళి దగ్గరికి వెళ్తానంటున్నాడు. ఎలా వద్దనను?"

"మరి నువ్వు?"

"మురళి నాకూ కబురు పెట్టాడులే. పేరు వదిలేసి వస్తే తన పార్టీలో వెనక వరసలో నిలబడొచ్చంట. ట్రాక్ పెడతాడంట, నేను పెదాలాడిస్తే చాలంట." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "దానికన్నా మా అక్కతో కలిసి చేపల గంప ఎత్తుకుంటాను. అప్పుడైనా గట్టిగా అరవొచ్చు."

అప్పుడే వాకిట్లో మా ఆయన వ్యానుకి తాళ్ళు బిగిస్తున్నారు. వెళ్ళి ఎక్కడికని అడిగాను.

"నాగాయలంక అవతల. వీరాస్వామి గారి ఊరు. గంగమ్మ సంబరం."

"పాడేదెవరు?"

"సాగరరాగం."

"ఏ సాగరరాగం?"

మా ఆయన తాడు మరీ బిగించారు. నా వైపు చూడలేదు. నాకు అర్థమైంది.

వీరాస్వామి గారు ఆ ఊరి సంబరం కమిటీ పెద్ద. అంతకుముందు ఏడు ఆ సంబరానికి వెళ్ళింది భూలక్ష్మి. కరెంటు పోయి స్టేజీ అంతా చీకటైతే, హార్మనీ పెట్టె చంకన పెట్టుకుని కిందకి దిగి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని పాడింది. కరెంటు వచ్చినా మళ్ళీ స్టేజీ ఎక్కనివ్వలేదు వాళ్ళు. ఆ ఊరు మురళిని అడిగి ఉండదని నాకు ప్రమాణం చేసినంత గట్టిగా తెలుసు.

పొయ్యి ఆర్పేశాను. చీర మార్చుకున్నాను. "లే, సంబరానికి వెళ్దాం" అన్నాను భూలక్ష్మితో.

"పిలవని పేరంటానికా?"

"నేను వెళ్తున్నాను. తోడు రావా?"

ఢోలక్ ఆయన్ని కూడా బస్టాండుకి రమ్మన్నాం. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక. అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా భూలక్ష్మి కిటికీలోంచి పొలాల వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క కూనిరాగం కూడా తియ్యలేదు.

పడవల దగ్గర

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఏ పార్టీ వచ్చినా స్టేజీ ఎక్కేముందు ఏటి పాయ ఒడ్డుకి వెళ్ళాలి. అక్కడ పడవలన్నీ పసుపు కుంకాలతో వరసగా కట్టి ఉంటాయి. వాటి ముందు నిలబడి, మైకు లేకుండా ఒక పాట పాడాలి. అది గంగమ్మకి. ఆ పాట మొదలైతేనే ఆడవాళ్ళు పడవల ముక్కుల మీద దీపాలు వెలిగిస్తారు. స్టేజీ మీద పాట ఊరందరి కోసం. దానికి ఎన్ని మైకులైనా పెట్టుకోవచ్చు.

మురళికి ఈ పద్ధతి తెలియక కాదు. భూలక్ష్మి పాడుతుంటే హార్మనీ వాయించినవాడే. కానీ ఇప్పుడు ఆయనతో వచ్చిన అమ్మాయిలకి ట్రాక్ లేకుండా పాట ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు. అందుకని ఒక ఉపాయం చేశాడు. మా ఆయనతో ఒక స్పీకరు బాక్సు ఒడ్డుకి లాగించి, పాట అందులోంచి వదిలాడు. అమ్మాయిలు దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మేం వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. పాట హోరుమంటోంది. దీపాలు పట్టుకున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఒక్కరూ వెలిగించలేదు.

"ఎవరే పాడేది? ఈ పిల్లల నోళ్ళు కదలట్లేదు" అంది ఒక ముసలావిడ.

"పెట్టె పాడుతోంది పెద్దమ్మా."

"పెట్టెకి బొట్టు పెట్టారా మరి?"

నవ్వులు లేచాయి. వీరాస్వామి గారు నవ్వలేదు. "మురళీ, మా పడవలకి పెట్టె పాటేంటయ్యా?"

"సౌండు అదిరిపోతోందిగా బాబాయ్! అవతలి ఒడ్డుకి కూడా వినపడుద్ది."

"అవతలి ఒడ్డోళ్ళ సంబరం వాళ్ళు చేసుకుంటార్లే. మా సంగతి చూడు."

ఇంతలో ఎవరో భూలక్ష్మిని చూశారు. "అదుగో, అదుగో! వెనకాల దాక్కుందేం?" అంటూ ఆడవాళ్ళు మా వైపు వచ్చేశారు. పాడమని చెయ్యి పట్టుకుని లాగారు. భూలక్ష్మి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దు వదినా. పిలిచింది నన్ను కాదు. పిలవకుండా పాడేస్తే రేపు నాకూ మురళికీ తేడా ఏముంది?"

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. అంతమందిలో నడుచుకుంటూ వీరాస్వామి గారి దగ్గరికి వెళ్ళాను.

"నేను బందరు షాపు రాజ్యాన్నండి. మీరు ఫోనులో ఏ సాగరరాగం కావాలన్నారు?"

"అదేంటమ్మా? పోయినేడు కరెంటు పోతే కిందకి దిగి మా ఆడోళ్ళ మధ్య కూర్చుని పాడిందే, ఆవిడది."

"ఆ మాట ఫోనులో చెప్పారా?"

"ఎవరూ అడగలేదు కదమ్మా."

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, నేను ఇంత రాసింది ఈ ఒక్క మాట కోసం. ఎవరూ అడగలేదు. ఇంకెక్కడా ఏ మోసమూ జరగక్కర్లేదు. అడగకపోతే చాలు, బతికున్న పార్టీ చచ్చిపోతుంది.

"అయితే ఇప్పుడు పిలవండి" అన్నాను.

వీరాస్వామి గారు భుజం మీద కండువా తీసి నడుముకి చుట్టుకుని భూలక్ష్మి ముందుకొచ్చారు. "అమ్మా, మేం పిలిచింది నిన్నే. మా పిలుపే దారి తప్పింది. రా తల్లీ."

అయినా స్పీకరు హోరు ఆగలేదు. మురళి ఆపమనలేదు. నేను మా ఆయన వైపు చూశాను. అన్నగారి మాట జన్మలో జవదాటని మనిషి. ఆయన స్పీకరు వైపు చూశారు, నా వైపు చూశారు, వంగి స్విచ్చి ఆపేశారు. "బాగా వేడెక్కింది, కాసేపు ఆగాలి" అన్నారు మురళితో, గాలికి చలి పుడుతున్న ఆ ఒడ్డున.

భూలక్ష్మి చెప్పులు విడిచి బురదలోకి దిగింది. పడవ అంచు మీద చెయ్యి వేసి ఎత్తుకుంది. మొదటి పలుకు కొంచెం వణికింది. అన్ని నెలలు నోరు కట్టుకున్న గొంతు మరి. రెండో పలుకుకి వణుకు పోయింది. ఢోలక్ ఆయన ఢోలక్ సంచి విప్పడం కూడా మర్చిపోయి పడవ చెక్క మీదే దరువు వేశాడు. ఒక దీపం వెలిగింది. దాని పక్కది వెలిగింది. వరస చివరిదాకా వెలుగుతూ వెళ్ళాయి. మురళి ఎప్పుడు విడిచాడో, ఆయన చెప్పులు కూడా ఒడ్డునే ఉన్నాయి.

ఆ తర్వాత స్టేజీ మీద ప్రోగ్రాం మురళిదే. భూలక్ష్మి ఎక్కలేదు, ఎక్కనంది కూడా. లైట్లు వెలిగాయి, పొగ లేచింది, కుర్రాళ్ళు చొక్కాలు తడిసేదాకా ఎగిరారు. బాగా చేశాడు. బాగా చేశాడని రాయడానికి నాకు అడ్డేమీ లేదు. వీరాస్వామి గారు మాత్రం మమ్మల్ని సాగనంపుతూ, "వచ్చే ఏటికి కూడా పడవల పాట నీదేనమ్మా. ఇప్పుడే చెప్తున్నాను, మళ్ళీ దారి తప్పకుండా" అన్నారు.

తిరుగు బస్సులో ఢోలక్ ఆయన అడిగాడు. "ప్రాక్టీసు ఎప్పుడమ్మా?" రేపటి నుంచి మురళి దగ్గరికి వెళ్ళాల్సిన మనిషి.

"రేపే" అంది భూలక్ష్మి.

ఫోను తిరిగొచ్చింది

మర్నాడు బావగారు ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. "ఆ చేపలావిడ కోసం మన పార్టీని పదిమందిలో అవమానిస్తావా? నీకెవరిచ్చారు ఆ పెత్తనం?"

"ఎవరూ ఇవ్వలేదండీ. ఊరు అడిగిందే ఊరికి ఇప్పించాను. ఫోను మీరే ఉంచుకోండి, నాకక్కర్లేదు. మోగినప్పుడు మాత్రం ఆ ఒక్క ప్రశ్నా అడగండి."

అడగలేదు. కొన్నాళ్ళకి ముదినేపల్లి నుంచి చేపల చెరువులాయన ఒకరు కారు దిగి, నేరుగా షాపులోకొచ్చి గొంతు చించుకున్నాడు. వాళ్ళ నాన్నగారి సంవత్సరీకానికి నాలుగు భక్తి పాటలు పాడించాలని సాగరరాగాన్ని పిలిచాడట. "మా నాన్న ఫోటోకి పొగ మిషను పెట్టారండీ! దండ కూడా కనపడలేదు! డాన్సర్లని చూసి మా మేనత్త అన్నం మానేసింది!" వంటింట్లో నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఆ సాయంత్రం చూస్తే ఫోను పోపుల డబ్బా పక్కన ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. అది మోగింది. "సాగరరాగం ఆర్కెస్ట్రా కావాలండీ" అన్నారు. "ఏ సాగరరాగం కావాలండీ? భూలక్ష్మి గారిదా, మురళి గారిదా? మీకేం గుర్తుంది?" అన్నాను. షాపులో ఉన్న బావగారికి వినపడాలనే కొంచెం గట్టిగా అన్నాను.

మురళి మళ్ళీ ఒకసారి రిజిస్టరు మాట ఎత్తాడు. "మీ పేరు మీ దగ్గరే పదిలంగా ఉంచుకోండి మురళి గారూ. నేను మనుషుల పేర్లు చెప్తున్నాను. భూలక్ష్మి అనే పేరు కూడా రిజిస్టరు చేయించారా?" అన్నాను. ఆ తర్వాత ఎత్తలేదు. రెండు పార్టీలూ నడిచాయి. ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇప్పుడు మీ ఫోనుల్లో బొమ్మలొస్తాయి, బాగుందని మార్కులేసే చుక్కలొస్తాయి, పేరు నొక్కితే పార్టీ వచ్చేస్తుంది. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదని మా బావగారి అబ్బాయే నాకు చెప్తాడు. నన్ను పాతకాలం మనిషినని అనుకోండి, నాకేం ఫర్వాలేదు. పేరు నొక్కితే పేరే వస్తుంది. పాట రావాలంటే అడగాలి.

ఒక్కటి చెప్పి ఆపుతాను. బావగారి మనవరాలికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. సొంత షాపు, సొంత సెట్టు, ఏ పార్టీ అయినా ఆయన చిటికేస్తే వస్తుంది. ఆయన వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, గోడ వైపు చూస్తూ, "రాజ్యం, సాగరరాగానికి ఫోన్ చెయ్యమ్మా" అన్నారు.

నేను పప్పు దించి, చేతులు తుడుచుకుని, ఫోను తీసుకున్నాను.

"ఏ సాగరరాగం బావగారూ?"

ఆయన చాలాసేపు నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఆయన చెప్పేదాకా నొక్కకూడదని నిలబడ్డాను.

"భూలక్ష్మి గారిది" అన్నారు.